తల తియ్యనా, కాళ్లు తియ్యనా?

ఆ వీధి చివర ఫొటోల కొట్టు ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ చెప్పులేసుకుని వెళ్లరు.

చేత్తో పట్టుకుని వెళ్తారు. ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా సరే, నిగనిగలాడే బూట్లు విప్పి చంకలో పెట్టుకుని, మునివేళ్ల మీద, పాలగిన్నె దగ్గరికి పోయే పిల్లిలా నడుస్తాడు. ఒకసారి నూటయాభై మంది పెళ్లివాళ్లు బాజాలు ఆపేసి, మూడొందల చెప్పులూ చేతుల్లో పట్టుకుని ఆ ముప్పై అడుగులూ దాటారట. పెళ్లికొడుకుని మేనమామ భుజానికెత్తుకున్నాడట. పెళ్లికూతురు మాత్రం నవ్వాపుకోలేక, కొంగు నోట్లో కుక్కుకుని దాటిందట.

నవ్వుకోండి. అటువైపు వెళ్లనంతవరకూ ఎవరైనా నవ్వుతారు.

ఆ కొట్టు షట్టరు పూర్తిగా దిగదు. నేలకి జానెడు ఎత్తులో ఇరుక్కుపోయింది. ఇరవైమంది మనుషులు గునపాలతో కుళ్లబొడిచినా అంగుళం కదల్లేదు. పగలు ఆ సందులోకి తొంగి చూస్తే బూజు, ఎండుటాకులు, ఎవరో విసిరేసిన కాగితప్పొట్లాలు... అంతే.

రాత్రిపూట... ఎవరైనా చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్తే మాత్రం... ఆ జానెడు సందులోంచి తెల్లగా ఒక మెరుపు మెరుస్తుంది.

నేలబారుగా.

సరిగ్గా కాళ్ల మీద.

అది కెమేరా ఫ్లాష్ అని తెలిసినవాళ్లు అంటారు. లోపల మనిషన్నది లేక ఎన్నేళ్లయిందో కూడా వాళ్లే చెబుతారు.

ఆ కొట్టు కత్తెరక్కది.

కత్తెరక్క అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టింది. ఫోనుల్లో తీసిన ఫొటోల్ని కాగితం సైజుకి కుదించి, అక్కర్లేనిది కత్తిరించి ప్రింటు తీయడంలో ఆవిణ్ని మించినవాళ్లు భూమ్మీద పుట్టలేదు. తొంభైమంది చుట్టాలున్న ఫొటో ఒకటి తెచ్చి, "నన్నూ మా ఆవిణ్నీ ఉంచి మిగతా సంతని తీసెయ్యమ్మా," అన్నాడట ఒక పెద్దాయన. టీ చల్లారేలోపు తీసేసింది. పక్కవాడి మోచెయ్యి ముక్క కూడా మిగల్లేదు. "ఆవిణ్ని కూడా తీసెయ్యమంటారా బాబాయ్?" అని అడిగిందట. ఆయన కాసేపు ఆలోచించాడట!

వచ్చినవాళ్లందరినీ ఆవిడ అడిగే ప్రశ్న ఒకటుంది. ఫోనులో తీసిన ఫొటో సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. జనం కొనుక్కొచ్చే ఫ్రేములేమో దానికంటే పొట్టి. నిండుగా పట్టాలంటే పైనో కిందో కొంత పోవాల్సిందే. అందుకని మౌసు చేత్తో పట్టుకుని, కళ్లద్దాల మీదుగా చూస్తూ అడిగేది—

"తల తియ్యనా, కాళ్లు తియ్యనా?"

తల తియ్యమన్న మగాడు గానీ ఆడమనిషి గానీ లోకంలో లేరు. అలా ఆవిడ తీసేసిన కాళ్లన్నీ ఒకచోట పోస్తే ఆ వీధి నిండి పక్క వీధిలోకి పారేవి.

ఆవిడ కాళ్ల సంగతి చెప్పనే లేదు. ఒక కాలు రెండోదాని కంటే అంగుళం పొట్టి. కుడికాలు గట్టిగా పడేది, ఎడమకాలు నేలని రాసుకుంటూ వచ్చేది. టక్... సర్ర్... టక్... సర్ర్. ఆ చప్పుడు వీధి మొదట్లో వినిపిస్తే వీధి చివరి వాళ్లు గడియారం సరిచేసుకునేవాళ్లు. మూలమీద పడుకునే గోధుమరంగు కుక్క లేచి నిలబడి, ఒళ్లు విరుచుకుని, ఇంటిదాకా సాగనంపేది.

మొగుడు ఓడలో వంటవాడు. ఆర్నెల్లకోసారి ఒడ్డెక్కుతాడు. ఇంట్లో మిగిలింది తనూ, ఆరేళ్ల కూతురూ. ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు—చూడ్డానికి అంతే ఉంటుంది, నోరు మాత్రం వంద పిచ్చుకల పెట్టు. మూడో అంతస్తులో ఒంటి గది. కింద గదిలో ఉండే పిన్ని బడి నుంచి తెచ్చి, ఇంత అన్నం పెట్టి, పైకి పంపేది. తరవాత తల్లి వచ్చేదాకా పిల్ల ఒక్కతే.

అందుకే కత్తెరక్క కూతురికి ఒక్కటే చెప్పింది. రోజుకి పదిసార్లు చెప్పింది.

"ఎవరు తలుపు కొట్టినా తియ్యకు. ఎవరు పిలిచినా తియ్యకు. నా గొంతుతో పిలిచినా తియ్యకు, గొంతులు ఎవరైనా తెచ్చుకుంటారు. మెట్ల మీద నా అడుగుల చప్పుడు విను. అది వినిపిస్తేనే గడియ తియ్యి."

"ఆ నడక ఎవరూ తెచ్చుకోలేరా అమ్మా?"

"ఈ కుంటినడక ఎవరిక్కావాలే!" అని నవ్వేది కత్తెరక్క.

వీధి దీపాలు వెలిగే వేళ ఒకరోజు వెల్డరు వచ్చాడు. నిప్పురవ్వలు పడీ పడీ చొక్కా అంతా జల్లెడలా ఉంది. చంకలో గుడ్డలో చుట్టిన కొత్త ఫ్రేము. చేతిలో అద్దం పగిలిన ఫోను.

"మా ఆవిడ ఫోనక్కా," అన్నాడు.

భార్య పోయి అప్పటికి పన్నెండు రోజులు. జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్లింది. నడిచి రాలేదు. నాలుగేళ్ల కొడుకుంది. ఫోనులో నాలుగువేల ఫొటోలుంటే ఒక్కటి తప్ప అన్నీ ఆ పిల్లాడివే. ఆవిడ ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. గడపలో నిలబడి నవ్వుతోంది. పొడుగు గౌను, భుజాన తడితువాలు. తల ఫొటో పై అంచుకి తగులుతోంది, చెప్పుల కొసలు కింది అంచుకి తగులుతున్నాయి. తీసినవాడికి ఫొటో తీయడం రాదు, మనిషిని మొత్తం పట్టాలన్న ఆశ మాత్రం ఉంది.

కత్తెరక్క ఫ్రేము కొలిచింది. ఎనిమిది బై పది.

"ఫ్రేము పొట్టి తమ్ముడూ. తల తియ్యనా, కాళ్లు తియ్యనా?"

వెల్డరు తెల్లబోయి చూశాడు. "తల... తల ఉంచండక్కా."

రెండు పక్కలా పావు అంగుళం తెల్ల పట్టీ వదిలితే మనిషి తలతో సహా, చెప్పులతో సహా ఫ్రేములో ఇమిడిపోయేది. ఆ సంగతి కత్తెరక్కకి తెలియకనా? తెల్ల పట్టీలంటే ఆవిడకి చిరాకు. పైగా పిచ్చుకకి ఒళ్లు వెచ్చగా ఉందని పిన్ని అప్పుడే ఫోను చేసింది. ఎప్పుడూ ఫొటోని ముందు తన కంప్యూటరులోకి దించుకుని, ఆ నకలు మీదే కత్తెర వేసేది. ఆరోజు తొందరలో, వైరు తగిలించి, ఫోనులో ఉన్న అసలు ఫొటోనే తెరిచేసింది. మొహం పెద్దగా కనపడాలని ఇంకాస్త దగ్గరికి లాగింది. మోకాళ్ల కింద బెత్తెడు ఉంచి, మిగతాది కత్తిరించింది. సైజు కుదించింది. అలవాటైన వేలు అలవాటుగా పోయి నొక్కింది—

సేవ్.

ప్రింటు అద్భుతంగా వచ్చింది. వెల్డరు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

అతను అటు తిరిగి ఉండగానే కత్తెరక్క ఫోను నుంచి వైరు పీకుతూ తెర మీద చూసింది.

ఫోనులో ఉన్న ఫొటోకి కూడా కాళ్లు లేవు.

ఇంకో నకలు ఎక్కడా లేదు. తెచ్చే దారీ లేదు. ఆ మనిషి పాదాలు భూమ్మీదా లేవు, ఫొటోలోనూ లేవు.

చెప్పాలి అనుకుంది. నోరు తెరిచింది. కూతురి జ్వరం గుర్తొచ్చింది. ఫోను అతని చేతిలో పెట్టి, "జాగ్రత్త తమ్ముడూ," అంది. అంతే.

తొమ్మిది రాత్రులు గడిచాయి.

పదో రాత్రి, షట్టరు దించబోతుంటే వెల్డరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. కళ్లు రెండూ రెండు గుంటలు. తొమ్మిది రోజుల్లో తొంభై ఏళ్లు మీదపడ్డవాడిలా ఉన్నాడు. చేతిలో ఫ్రేము.

"కాళ్లేవక్కా?"

చాలా మెల్లగా అడిగాడు.

"ఏ కాళ్లు తమ్ముడూ?"

"మా ఆవిడవి."

కత్తెరక్క షట్టరు వదిలేసి లోపలికి జరిగింది.

"మొదటి రాత్రి ఫ్రేము కింద సర్రున చప్పుడైంది. ఎలుకనుకున్నా..."

"ఎలుకే అయ్యుంటుంది. మా ఇంట్లో అయితే పిల్లంత ఎలుకలు—"

"ఎలుకైతే రోజుకో మూరెడు ముందుకొస్తుందా అక్కా?" గొంతు ఇంకా తగ్గించాడు. "మోచేతులు నేలకి ఆనించి... ఒళ్లు ఈడ్చుకుంటూ... రోజుకో మూరెడు. నిన్న రాత్రి పిల్లాడి మంచం దాకా వచ్చింది. వాడు లేచి చూశాడు. భయపడలేదు. 'నాన్నా, అమ్మెందుకు పాకుతోంది? చిన్నపాపైపోయిందా?' అనడిగాడు."

కత్తెరక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"వాడు నిద్రలో దుప్పటి తన్నేస్తాడక్కా. బతికున్నన్నాళ్లూ రోజూ లేచొచ్చి కప్పేది. కప్పి, వాడి పాదాల కింద దుప్పటి మడతపెట్టి వెళ్లేది. ఇప్పుడూ అందుకే వస్తోంది. కింద నుంచి చెయ్యి చాపింది... అందలేదు. తెల్లారేదాకా అలాగే చాపి ఉంచింది." అతను ఫ్రేముని బల్ల మీద పెట్టాడు. "నాకు భయం లేదక్కా. అది నా పెళ్లాం. కానీ పాకుతుంటే చూడలేకపోతున్నా. పూర్తి ఫొటో వెయ్యండి. కాళ్లతో. దాన్ని నడిచి రానివ్వండి."

అప్పుడైనా చెప్పొచ్చు. 'తప్పు నాది తమ్ముడూ, చెరిపేశాను' అని. ఆ ఒక్క మాట అనకుండా ఫ్రేముని తనవైపు తిప్పుకుంది.

"ఫోనులోనే పాడైనట్టుంది," అంది కత్తెరక్క. "నేను బాగుచేసిస్తా. ఆరోజు ఆవిడ వేసుకున్న చెప్పులున్నాయా?"

ఉన్నాయి. ఆసుపత్రికి వేరే జత వేసుకెళ్లిందట; ఇవి గడప పక్కన విడిచిన చోటే ఉన్నాయట, కదపలేదట. పావుగంటలో కాగితంలో చుట్టి తెచ్చాడు.

"నువ్వు బయట కూర్చో. పని చేసేటప్పుడు ఎవరైనా చూస్తే నాకు చెయ్యి ఆడదు."

అతను బయట మెట్టు మీద కూర్చున్నాడు. కత్తెరక్క లోపల తెర లాగింది. తన చెప్పులు విడిచి, చచ్చిపోయిన మనిషి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. అరిగి గుంటలుపడిన చోట్లలో వేళ్లు పదీ వెళ్లి కూర్చున్నాయి. చల్లగా... బావి గట్టు మీద నిలబడినంత చల్లగా ఉంది.

కెమేరా నేల మీద పెట్టింది. ఫ్లాష్ తెల్లగా మెరిసింది. నేలబారుగా.

తరవాత కంప్యూటరు ముందు కూర్చుంది. తన కాళ్ల చుట్టూ గీత గీసి తీసింది. అవి పెద్దవయ్యాయి, కుదించింది. వెలుగు ఎక్కువైంది, తగ్గించింది. తెగిన ఆ పొడుగు గౌనుని కిందికి కాస్త పొడిగించి, దాని అంచు కింద, ఒక్క వెంట్రుక తేడా రాకుండా అతికించింది. ఈసారి రెండు పక్కలా తెల్ల పట్టీలు వదిలింది. మొదటిరోజు వదలాల్సిన పట్టీలు.

ఇక్కడే ఆవిడ చెయ్యి ఇంకో పని చేసింది. వేరేవాళ్లయితే తమ కాళ్ల ఫొటో నుంచి కాళ్లని నకలు తీసుకుంటారు. అసలుది అసలుగానే ఉంటుంది. కత్తెరక్క వేళ్లకి నకలు తీయడం తెలీదు, కోయడమే తెలుసు. కోసేసింది. తన ఫొటోలో చీలమండల కింద తెల్లగా, ఖాళీగా, రెండు కన్నాలు మిగిలాయి. చూసుకోను కూడా లేదు. అలవాటైన వేలు అలవాటుగా పోయి నొక్కింది—

సేవ్.

ప్రింటరు గరగరలాడింది. కాగితం తెచ్చుకోవడానికి తన చెప్పులేసుకుని లేచి నాలుగడుగులు వేసింది. ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటో తెలియలేదు.

వెల్డరు కొత్త ఫొటోని దీపం కింద పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"అవే," అన్నాడు. "అవే కాళ్లక్కా." దణ్ణం పెట్టాడు.

ఆ దణ్ణం ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. అయినా ఊరుకుంది. అతను చెప్పుల జత గుండెలకి హత్తుకుని, ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ వెంటనే ఇంటికి పోవాల్సింది. పోలేదు. బడి పిల్లల గుర్తింపు కార్డులకి నలభైరెండు ఫొటోలు పొద్దున్నే ఇవ్వాలి. నలభైరెండు మొహాలూ ఒకే కొలతకి రావాలి—గడ్డం కింద ఇంత, జుట్టు పైన ఇంత. ఇంటికి ఫోను చేసింది.

"ఆలస్యమవుతుందే. గడియ వేసుకున్నావా?"

"వేసుకున్నా. కొడితే తియ్యను. పిలిస్తే తియ్యను. టక్... సర్ర్... వింటేనే తీస్తా. ఇంక పెట్టెయ్, నువ్వు చెప్పిందే చెప్తావ్," అంది పిచ్చుక.

ముప్పైతొమ్మిదో మొహం కత్తిరిస్తుండగా కొట్టు ఫోను మోగింది.

వెల్డరు. ఊపిరితో మాట్లాడుతున్నాడు.

"అక్కా... లేచి నిలబడింది."

"ఎవరు?"

"నిలబడిందక్కా! ఫ్రేము తగిలించి దీపం ఆర్పానో లేదో... అడుగులు వినపడ్డాయి. పిల్లాడు మంచం మీద లేచి కూర్చుని చేతులు చాపాడు. 'అమ్మా, రా,' అన్నాడు..."

"మంచిదే కదా తమ్ముడూ."



"వాడి దగ్గరికి రాలేదక్కా. వాడి వైపు తిరిగింది. రావాలనే చూసింది. చేతులు ముందుకి చాపింది. కాళ్లు మాత్రం... కాళ్లు వినలేదు. అవే వెనక్కి తిరిగి, గుమ్మంవైపు నడిచాయి. తలుపు దాటి వీధిలోకి వెళ్లిపోయింది." అతని పళ్లు కొట్టుకుంటున్నాయి. "ఇంకో సంగతక్కా. మా ఆవిడ ఎప్పుడూ చక్కగా నడిచేది..."

"ఊఁ?"

"ఇప్పుడు కుంటుతోందేంటి?"

ఫోను ఆవిడ చేతిలోంచి జారిపోయింది.

ఆ కాళ్లకి వెల్డరు ఇల్లేం తెలుసు? ఆ పిల్లాడి మంచం ఎటో ఏం తెలుసు? పదేళ్లుగా వాటికి తెలిసిన దారి ఒక్కటే. కొట్టు నుంచి రెండు వీధులు. మూడో అంతస్తు. ఇరవై ఏడు మెట్లు.

కత్తెరక్క పరుగెత్తింది. షట్టరు లాగితే జానెడు పైన ఆగిపోయింది, వదిలేసి పరుగెత్తింది. వీధి మధ్యకి వచ్చాక గానీ, ఇందాకటి వెలితి ఏమిటో తెలియలేదు.

చప్పుడు లేదు.

చెప్పులు నేలని తాకుతున్నాయి. రాళ్లు గుచ్చుకుంటున్నాయి. టక్ లేదు... సర్ర్ లేదు. ఆగి కాలు నేలకేసి తన్నింది. దుమ్ము లేచింది. చప్పుడు మాత్రం లేదు. మంచు కురిసినంత నిశ్శబ్దంగా ఉంది.

మూలమీద గోధుమరంగు కుక్క లేవలేదు. చెవి కూడా ఎత్తలేదు. ఆవిడ తోక తొక్కబోయి తప్పుకుంటే, నిద్రలోనే మూలిగి అటు తిరిగింది.

ఇంటి కింద పిన్ని కిటికీలో కూర్చుని విసురుకుంటోంది. ఈవిణ్ని చూసి కెవ్వుమంది.

"ఏమే! దొంగలా అలా వచ్చావేంటే, చప్పుడూ చెయ్యకుండా? నా గుండె ఆగిపోయింది!"

"పిన్నీ... పైకి... ఎవరైనా వెళ్లారా?"

"ఎవరెళ్తారు? నువ్వే ఇందాక పైకెళ్లావు." పిన్ని విసనకర్ర ఆపింది. "నీ అడుగులు నాకు తెలీవా? ఎప్పుడు దిగావే మళ్లీ?"

ఇరవై ఏడు మెట్లు. ఆవిడ వాటిని ఎక్కిందో ఈదిందో తెలీదు. మూడో అంతస్తులో తలుపు మూసి ఉంది. కింద సందులోంచి సన్నటి దీపం వెలుగు. తలుపు మీద రెండు చేతులూ వేసింది.

"పిచ్చుకా! తలుపు తియ్యవే! నేనే, అమ్మని!"



తలుపు బాదింది. గొంతు చించుకుంది. కాళ్లతో మెట్లని ఎడాపెడా తన్నింది—చప్పుడు రావాలి, ఒక్క చప్పుడు, పిల్ల చెవిలో పడేంత. కాలిగోళ్లు చిట్లి నెత్తురొచ్చింది గానీ చప్పుడు రాలేదు.

చెవి తలుపుకి ఆనించింది.

లోపల... మంచం వైపు నుంచి...

టక్... సర్ర్... టక్... సర్ర్...

ఆగింది. దుప్పటి దులిపిన చప్పుడు. చిన్నిపాదాల కింద దాన్ని మడతపెడుతున్నట్టు గుడ్డ రాపిడి.

"అమ్మా, నీ చేతులు చల్లగా ఉన్నాయేంటి?" పిచ్చుక గొంతు. నిద్రమత్తుగా, ముద్దుగా. "బయట ఎవరో నీలాగే పిలుస్తున్నారు."

"పిచ్చుకా!"

అప్పుడు పిల్ల తలుపువైపు తిరిగి, తల్లి నేర్పిన పాఠాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా గట్టిగా అప్పజెప్పింది.

"మా అమ్మ వచ్చేసింది. ఎవరు పిలిచినా తలుపు తియ్యకూడదని చెప్పింది. మా అమ్మ గొంతుతో పిలిచినా సరే తియ్యను. పో."

దీపం ఆరిపోయింది.

తెల్లారి పిన్ని మనుషుల్ని పోగేసి గడియ విరగ్గొట్టించింది. గది ఖాళీ. మంచం మీద దుప్పటి, కాళ్లవైపు చక్కగా మడిచిపెట్టి ఉంది, అందులో ఎవరూ లేరు. షట్టరు సందులోంచి చూస్తే కొట్టులో కంప్యూటరు వెలుగుతూనే ఉంది. తెర మీద బడిపిల్లల మొహాలు లేవు—రెండు పిక్కలు, వాటి కింద తెలుపు. కత్తెరక్కని ఆ తరవాత చూసినవాళ్లు లేరు. రాత్రి వేళ ఏ వీధిలోనో కుంటినడక ఒకటీ, దాని పక్కనే గెంతుతూ పోయే చిన్న అడుగులూ విన్నామనే వాళ్లు మాత్రం వెయ్యిమంది ఉన్నారు.

వెల్డరు ఆ ఫొటో తీసేశాడు. కొడుకు దుప్పటి మాత్రం తెల్లారేసరికి నేల మీదే ఉంటుందట.

అందుకే చెప్పేది. షట్టరు కింద ఆ జానెడు సందులో ఒకావిడ బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, కెమేరా పట్టుకుని వింటూ ఉంటుంది. చప్పుడు లేని కాళ్లు ఆవిడకి అక్కర్లేదు. మెట్లెక్కుతుంటే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టి గడియ తీసే కాళ్లు కావాలి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకోండి. ఊపిరి బిగపట్టి దాటండి.

ఒకవేళ మీ పాదాల మీద తెల్లగా మెరిసిందా... ఇంటికని పరుగెత్తకండి.

అప్పటికే మీరు ఇంటికి చేరిపోయి ఉంటారు.